మణికట్టు పట్టుకుని నర్సు ఏం చూస్తుంది?

మీరు ఎప్పుడైనా ఆస్పత్రిలో పడుకుని వున్న తాతగారినో, అమ్మమ్మగారినో చూడటానికి వెళ్ళారా? వెళ్ళి వుంటే ఒక సంగతి గమనించే వుంటారు. డాక్టరు గారు ఉదయం ఒకసారి వస్తారు, సాయంత్రం ఒకసారి వస్తారు. మంచం దగ్గర అయిదు నిమిషాలు నిలబడి, చూడవలసింది చూసి, చెప్పవలసింది చెప్పి వెళతారు. రెండు పూటలూ కలిపితే పది నిమిషాలు. రోజుకు 1,440 నిమిషాలు గదా! మిగిలిన 1,430 నిమిషాలూ రోగిని కనిపెట్టి వుండేదెవరు?

నర్సులు.

"నర్సు పనేముందండీ! డాక్టరు రాసిన మాత్ర ఇవ్వటం, సూది వెయ్యటం, దుప్పటి మార్చటం, అంతేగా?" అనేవాళ్ళు పెద్దవాళ్ళలోనే చాలామంది వున్నారు. వాళ్ళకు కనిపించేది చేతులు చేసే పని. ఆ చేతులు పని చేస్తూ వుండగా కళ్ళూ, చెవులూ, బుద్ధీ చేసే పని వాళ్ళకు కనిపించదు.

దుప్పటి మార్చటమే తీసుకోండి. పక్షవాతం వచ్చి కదలలేని మనిషిని ఒక పక్కకు తిప్పి, కింద దుప్పటి లాగుతూ, నర్సు ఆయన నడుము కింద, తుంటి ఎముకల మీద, మడమల మీద చర్మం ఎలా వున్నదో చూస్తుంది. ఒకే చోట బరువు పడి వుంటే అక్కడికి రక్తం సరిగా పారదు. చర్మం మొదట ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మీద వేలితో నొక్కినప్పుడు తెల్లబడి, తీయగానే మళ్ళీ ఎర్రబడితే ఇంకా ఫరవాలేదు. నొక్కినా ఎరుపు పోకపోతే లోపల పుండు మొదలవుతున్నదన్న మాట. మనలాటి చామనచాయ, నల్లని చాయ వాళ్ళలో ఈ ఎరుపు కంటికి కనిపించదు. అందుచేత నర్సు వేళ్ళతో తడిమి చూస్తుంది. పక్క చర్మం కంటే అక్కడ వెచ్చగా వున్నదా? గట్టిపడిందా? ఒకసారి పుండు పడితే మానటానికి నెలలు పట్టవచ్చు. గంటగంటకూ లెక్క చూసుకుని, ఇంచుమించు రెండు గంటలకొకసారి రోగిని ఆ పక్కకూ ఈ పక్కకూ తిప్పుతూ వుంటే అసలు పడకుండానే పోవచ్చు. రాని పుండును ఎవరూ చూడరు గనక, దాన్ని రాకుండా చేసిన మనిషిని మెచ్చుకునేవాళ్ళు కూడా వుండరు.

ఇక మణికట్టు సంగతి. నర్సు మూడు వేళ్ళు మణికట్టు మీద, బొటనవేలి వైపున ఆనించి, గడియారం చూస్తూ నిలబడుతుంది. బొటనవేలితో ఎందుకు చూడదో తెలుసా? బొటనవేలిలో కూడా నాడి బాగా కొట్టుకుంటుంది. దానితో చూస్తే తన నాడినే రోగి నాడి అనుకునే ప్రమాదం వున్నది. ఊరికే కూర్చుని వున్న పెద్దవాళ్ళ నాడి నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు 120 దాటి వుండటం సహజం. బాగా పరుగెత్తటం అలవాటైన ఆటగాడికి 50 వున్నా ఆశ్చర్యం లేదు.

అరనిమిషం అయిపోతుంది. నాడి లెక్క తేలిపోతుంది. అయినా ఆమె చెయ్యి వదలదు! గడియారం వంకే చూస్తున్నట్టుంటుంది గాని, ఇప్పుడామె నాడి లెక్కపెట్టటం లేదు. రోగి రొమ్ము లేచి పడటాన్ని ఓరకంట చూస్తూ ఊపిరి లెక్కపెడుతున్నది. ఈ దొంగతనం ఎందుకంటే, "మీ ఊపిరి లెక్కపెడతానండీ" అని చెప్పామా, ఎంత పెద్దమనిషైనా మామూలుగా ఊపిరి తియ్యటం మరిచిపోతాడు. నాడి మన చెప్పుచేతల్లో వుండదు. ఊపిరి కొంతవరకు వుంటుంది. కావాలంటే ఇవాళ మీ అన్నయ్య మీద ప్రయోగం చేసి చూడండి. చెప్పకుండా ఒకసారి, చెప్పి ఒకసారి లెక్కపెట్టండి. రెండు లెక్కలూ ఒకటిగా రావటం అరుదు.

పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. పసిపిల్లలు ఇంకా వేగంగా తీస్తారు. దగ్గు, జలుబు వచ్చిన పిల్లలకు అది మామూలు జలుబా, ఊపిరితిత్తులకు పాకిందా అని తెలుసుకోవటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క వున్నది. రెండు నెలలు నిండని బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలలనుంచి సంవత్సరం లోపు బిడ్డకు 50, సంవత్సరం నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకు 40. అంతకు తగ్గకుండా వుంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. పల్లెటూళ్ళలో ఇంటింటికీ తిరిగే ఏ.ఎన్.ఎమ్. నర్సమ్మ చేసే పరీక్ష ఇదే. దీనికి ఎక్స్‌రే అక్కర్లేదు. సెకండ్ల ముల్లు వున్న గడియారం, ఏడవకుండా వున్న బిడ్డ, నిండా ఒక్క నిమిషం వుంటే చాలు. అరనిమిషం లెక్కపెట్టి రెండుతో గుణిస్తే కుదరదు. పసిబిడ్డల ఊపిరి ఒకసారి వేగంగా, ఒకసారి మెల్లగా నడుస్తూ వుంటుంది మరి.

ఊపిరి ముఖ్యమా, నాడి ముఖ్యమా అన్న ప్రశ్న మీద ఒకప్పుడు మన హైదరాబాదులోనే పెద్ద వివాదం నడిచింది. ఆ రోజుల్లో ఆపరేషను నొప్పి తెలియకుండా క్లోరోఫారం వాసన చూపించేవారు. ఒక్కొక్క రోగి ఆ మత్తులోనే ప్రాణం విడిచేవాడు. ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు ఆధ్వర్యాన 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదులో రెండు సంఘాలు ఈ సంగతి పరిశోధించి, ముందుగా ఆగేది ఊపిరే గనక, దాన్ని కనిపెట్టి వుంటే చాలునని తేల్చాయి. కాని 1911లో లెవీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, క్లోరోఫారం ఒక్కొక్కసారి గుండెనే హఠాత్తుగా దెబ్బతీయగలదని రుజువు చేశాడు. అందుకే నర్సు రెండూ చూస్తుంది!

ఈ కాలంలో ఈ పనులకు యంత్రాలు వచ్చాయి గదా అంటారేమో. వచ్చాయి. వేలికి తగిలించే చిన్న పరికరం మీరు చూసే వుంటారు. రక్తంలో ప్రాణవాయువు ఎంత నిండి వున్నదో అది అంకెల్లో చూపుతుంది. దాని వెనక వున్న సూత్రాన్ని 1974లో జపానులో తకువో అవొయాగి అనే ఇంజనీరు బయటపెట్టాడు. ఎర్రని కాంతినీ, కంటికి కనిపించని పరారుణ కాంతినీ వేలిలోంచి పంపి, రక్తం ఏ కాంతిని ఎంత మింగిందో చూసి లెక్క కట్టటమే దాని రహస్యం. ఆరోగ్యవంతులకు సాధారణంగా 95 నుంచి 100 మధ్య వస్తుంది. కాని వేళ్ళు చల్లబడి వుంటే తప్పు చూపవచ్చు. గోళ్ళకు రంగు వుంటే తప్పు చూపవచ్చు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పొగ పీల్చి పడిపోయిన మనిషికి పెట్టితే, ప్రాణం మీదికి వచ్చినా "అంతా బాగున్నది" అని చూపుతుంది. పొగలోని విషవాయువు అంటుకున్న రక్తాన్నీ, ప్రాణవాయువు నిండిన రక్తాన్నీ అది వేరు చెయ్యలేదు. యంత్రం 85 అని చూపినప్పుడు నర్సు ముందు రోగి మొహం చూస్తుంది. ఆయన పేపరు చదువుకుంటూ కాఫీ తాగుతున్నాడా, వేలు రుద్ది వెచ్చచేసి మళ్ళీ పెడుతుంది. యంత్రం 97 చూపినా మనిషి ఆయాసపడుతూ మాట పూర్తి చెయ్యలేకపోతున్నాడా, అంకెను నమ్మదు.

"మాకు లెక్కలెందుకండీ?" అని అడిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ వుంటారు. వాళ్ళకోసం ఒక లెక్క. డాక్టరు 500 మిల్లీలీటర్ల సెలైను 4 గంటల్లో ఎక్కించమని రాశారు. ఆ గొట్టంలోంచి పడే 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి? 500ను 20తో గుణిస్తే 10,000 చుక్కలు. 4 గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే సుమారు 42. నర్సు గొట్టం మీది చక్రాన్ని తిప్పి, గడియారం చూసి, నిమిషానికి 42 పడేటట్టు సరిచేస్తుంది. లెక్క ఇక్కడితో అయిపోయింది గాని, పని అయిపోలేదు. అదే సెలైను గుండె బలహీనంగా వున్న ముసలాయనకు ఎక్కుతుంటే, గంట తరవాత ఆయన దిండు ఎత్తుగా పెట్టమంటాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదంటాడు. సన్నగా దగ్గు మొదలవుతుంది. ఒంట్లోకి పోయిన నీటిని గుండె తోడెయ్యలేక ఊపిరితిత్తుల్లో చేరుతున్నదని నర్సు గ్రహిస్తుంది. చుక్కలు తగ్గించి, ఆయనను లేపి కూర్చోబెట్టి డాక్టరుకు కబురు చేస్తుంది. 42 అనేది సరైన జవాబే. ఈ మనిషికి, ఈ గంటలో సరైనది కాదు, అంతే.

ఇంకొక ఉదాహరణ. కడుపు ఆపరేషను జరిగిన ఒక రోగి వున్నాడనుకోండి. రాత్రి పది గంటలకు నాడి 88. పన్నెండుకు 104. రెండు గంటలకు 118. రక్తపు పోటు మాత్రం పెద్దగా మారలేదు. కాని మనిషి ఒక చోట నిలవటం లేదు, దుప్పటి లాగేస్తున్నాడు, మంచినీళ్ళు అడుగుతున్నాడు. చేతులు చల్లగా, చెమటగా వున్నాయి. పక్క మంచం వాళ్ళు "ఈయనగారు ఎవరినీ నిద్ర పోనివ్వటం లేదు" అని విసుక్కుంటారు. నర్సు విసుక్కోదు. లోపల ఎక్కడో రక్తం కారుతున్నదేమో అని అనుమానిస్తుంది. రక్తం తగ్గుతున్నకొద్దీ శరీరం ఒక ఉపాయం పన్నుతుంది. చేతులకూ కాళ్ళకూ పోయే నాళాలను బిగించి, వున్న రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్ళిస్తుంది. అందుకే చేతులు చల్లబడతాయి, అందుకే పోటు కొంతసేపు నిలుస్తుంది. వయసులో వున్న శరీరం ఈ మోసాన్ని చాలాసేపు సాగించి, ఒక్కసారిగా కూలిపోతుంది. పోటు పడిపోయే దాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

అప్పుడామె డాక్టరుకు ఫోను చేసి, "పేషెంటు అదోలా వున్నారండీ" అని ఊరుకుంటే నిద్రలో వున్న డాక్టరు, "సరే, పొద్దున చూద్దాం" అనవచ్చు. తెలిసిన నర్సు ఇలా చెపుతుంది: "డాక్టరు గారూ, ఆరో మంచం పేషెంటు, మధ్యాహ్నం కడుపు ఆపరేషను అయిందండీ. పదింటికి నాడి 88, పన్నెండుకు 104, ఇప్పుడు 118. చేతులు చల్లగా వున్నాయి, కంగారు పడుతున్నారు. మీరు వెంటనే వచ్చి చూడాలండీ." ఇది విన్న డాక్టరు చెప్పుల కోసం కూడా వెతుక్కోడు.

చూడటమూ, చూసింది సరిగా చెప్పటమూ ఒక విద్య అని మొదట గట్టిగా చెప్పినది ఫ్లారెన్స్ నైటింగేల్. 1854లో క్రిమియా యుద్ధం జరుగుతున్నప్పుడు, 38 మంది నర్సులను వెంటపెట్టుకుని తుర్కీదేశంలోని స్కుటారి సైనికాస్పత్రికి వెళ్ళిన ఆమె కథ మీ పాఠ్యపుస్తకాల్లో వుంటుంది. చేత దీపం పట్టుకున్న బొమ్మ కూడా వుంటుంది. కాని ఆ దీపంతో ఆమె ఏం చూసేదో పాఠాల్లో అంతగా చెప్పరు. 1859లో ఆమె రాసిన నర్సింగు పుస్తకంలో రోగిని గమనించటం గురించే ఒక అధ్యాయం వున్నది. "రాత్రి బాగా నిద్రపట్టిందా?" అని అడగటం ఆమెకు నచ్చదు. ఒకరికి పది గంటలు ఏకధాటిగా పట్టకపోతే నిద్ర పట్టనట్టే. ఇంకొకరికి నడుమ నడుమ నాలుగు కునుకులు వస్తే పట్టినట్టే. ఎన్ని గంటలు పట్టింది, రాత్రి ఏ వేళప్పుడు పట్టింది అని అడగాలన్నది ఆమె పద్ధతి. లండనులోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో 1860లో ఆమె పేర వెలిసిన నర్సింగు బడి ఈ చూపునే నేర్పింది.

ఈ చూపు ఎంత దూరం పోగలదో చెప్పటానికి ఒక నిజమైన కథ వున్నది.

ఇంగ్లండు తూర్పు తీరాన ఎసెక్స్ జిల్లాలో రాచ్‌ఫర్డ్ అనే ఊరు. 1956 వేసవి. అక్కడి ఆస్పత్రిలో నెలలు నిండకుండా పుట్టిన శిశువుల వార్డుకు వార్డ్ అనే ఆవిడ పెద్ద నర్సు. వేడి గదిలో ముగ్గపెట్టడం కంటే మంచి గాలీ, కాస్త ఎండా శిశువులకు మేలు చేస్తాయని ఆమె నమ్మకం. ఎండ బాగా కాసిన రోజుల్లో, కొంచెం గట్టిపడిన శిశువులను తోపుడు తొట్లలో ఆస్పత్రి పెరట్లోకి తీసుకుపోయేది. డాక్టర్లు వచ్చే వేళకు మళ్ళీ లోపలికి చేర్చేది.

ఒకనాడు పిల్లల డాక్టరు డాబ్స్ వార్డులో తిరుగుతుండగా ఆమె జంకుతూ జంకుతూ ఒక శిశువు బట్టలు విప్పి చూపించింది. బిడ్డ ఒళ్ళంతా తెల్లగా వున్నది. ఒక్కచోట మాత్రం మూడు మూలల ముక్క కత్తిరించి అతికించినట్టు పచ్చగా వున్నది. డాక్టరు అక్కడ ఏదో రంగు మందు పూశారనుకుని ఎందుకు పూశావని అడిగాడు. మందు కాదు, ఎండ పని అనుకుంటున్నానన్నది ఆమె. ఎండకు చర్మం రంగెక్కటానికి చాలా రోజులు పడుతుంది గదా అన్నాడాయన. ఆమెకు ఇంకా ఇబ్బందిగా వున్నది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. బిడ్డకు ఒళ్ళంతా కామెర్లు వున్నాయి. ఎండ తగిలిన చోటల్లా పచ్చదనం పోయింది. దుప్పటి మూల కప్పి వున్న చోట మాత్రం మిగిలిపోయింది. ఆమె చెప్పినది ఇదీ.

కొన్ని వారాల తరవాత అదే ఆస్పత్రిలో కామెర్లు బాగా ముదిరిన ఒక శిశువు రక్తం పరీక్షకు పంపారు. పచ్చరంగు పదార్థం అనుకున్న దానికంటే చాలా తక్కువగా వచ్చింది. విచారిస్తే, రక్తం వున్న గొట్టం కొన్ని గంటలసేపు కిటికీ గట్టు మీద ఎండలో పడి వున్నదని తేలింది! అప్పుడు నర్సు చూపించిన పచ్చ ముక్క అందరికీ గుర్తుకు వచ్చింది.

దీనిలో ప్రాణం మీదికి వచ్చే సంగతి ఏమిటంటే, పాత ఎర్ర రక్తకణాలు విరిగిపోయినప్పుడు బిలిరుబిన్ అనే పచ్చని పదార్థం పుడుతుంది. దాన్ని బయటికి పంపవలసినది కాలేయం. నెలలు నిండని శిశువు కాలేయం ఇంకా ఆ పని నేర్చుకుని వుండదు. పచ్చదనం మరీ పెరిగితే మెదడుకెక్కి, బిడ్డ బతికినా చెవుడో, అవయవాలు వంకరపోవటమో జీవితాంతం మిగులుతుంది. ఆ రోజుల్లో దీనికి వున్న చికిత్స బిడ్డ రక్తమంతా కొద్దికొద్దిగా తీసేసి, వేరే రక్తం ఎక్కించటం. అది చాలా ప్రమాదంతో కూడిన పని.

క్రీమర్, పెరిమన్, రిచర్డ్స్ అనే ముగ్గురు రాచ్‌ఫర్డ్‌లో ప్రయోగాలు చేసి, కాంతిలో ముఖ్యంగా నీలపు భాగం ఈ పని చేస్తున్నదని కనిపెట్టారు. నీలపు ట్యూబులైట్లు బిగించిన ఉయ్యాల తయారుచేసి, 1958లో ఆ సంగతి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించారు. నీలి కాంతి చర్మంలోకి పోయి బిలిరుబిన్ రూపాన్ని మార్చేస్తుంది. అలా మారినది కాలేయం సాయం లేకుండానే బయటికి పోతుంది. అయినా లోకం వెంటనే నమ్మలేదు. అమెరికాలో 1968లో లూసీ అనే డాక్టరు పరీక్షించి చూపిన తరవాత గాని ఇది అంతటా పాకలేదు. ఇవాళ విజయవాడలోనో, వరంగల్లులోనో పిల్లల ఆస్పత్రికి వెళితే, కళ్ళకు గంతలు కట్టుకుని నీలి దీపం కింద నిద్రపోయే పసికందులు కనిపిస్తారు. వాళ్ళ మీద పడుతున్న ఆ వెలుగు ఒక నర్సు చూసిన దుప్పటి మూలనుంచి వచ్చింది.

(తల్లితండ్రులకు ఒక్క మాట. ఇది చదివి పసిబిడ్డను ఇంటి దగ్గరే ఎండలో పడుకోబెట్టి ఊరుకోకండి. పుట్టిన 24 గంటల్లోపల పచ్చబడినా, అరిచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. నీలి దీపం ఎంతసేపు పెట్టాలో రక్తం చూసి నిర్ణయిస్తారు.)

ఇటువంటి చూపు పుస్తకం చదవగానే రాదు. ప్యాట్రీషియా బెన్నర్ అనే అమెరికను నర్సు, నర్సుల విద్య మీద 1984లో ఒక పుస్తకం రాసింది. చదరంగం ఆడేవాళ్ళు, విమానం నడిపేవాళ్ళు తమ పనిలో ఎలా ఆరితేరుతారో డ్రైఫస్ సోదరులు పరిశీలించి అయిదు మెట్లు చెప్పారు. నర్సులు కూడా ఆ అయిదు మెట్లే ఎక్కుతారని ఆమె చూపించింది. మొదటి మెట్టు మీద వున్న అమ్మాయి సూత్రాలు పట్టుకుని నడుస్తుంది. నాడి వంద దాటితే చెప్పాలి, దాటకపోతే అక్కర్లేదు! ఒకే రకం వార్డులో రెండు మూడేళ్ళు పనిచేసిన నర్సుకు ఏది ముందు చెయ్యాలో, ఏది ఆగినా ఫరవాలేదో తెలిసివస్తుంది. చివరి మెట్టు మీద వున్న ఆవిడ గుమ్మంలో అడుగు పెడుతూనే, "ఈయన నిన్నటి మనిషి కాదు" అంటుంది. ఎందుకంటే వెంటనే చెప్పలేకపోవచ్చు. పిండి కలిపేటప్పుడు నీళ్ళు ఇక చాలునని అమ్మకు ఎలా తెలిసిందో అమ్మ చెప్పగలదా? అలాగే ఇదీను.

ఇది మూఢనమ్మకం కాదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు లివర్‌పూల్ ఆస్పత్రిలో 1990లో ఒక ఏర్పాటు చేశారు. వార్డులో ఎవరికైనా ప్రమాదం ముంచుకొస్తున్నదనిపిస్తే పిలవగానే పరుగెత్తి వచ్చే వైద్యుల జట్టు అది. ఎప్పుడు పిలవాలో జాబితా రాశారు. నాడి ఇంత దాటితే, ఊపిరి ఇంత దాటితే, పోటు ఇంతకు పడిపోతే అని అంకెలు వేశారు. అంకెలన్నీ సరిగానే వున్నా, రోగిని చూస్తున్న వాళ్ళకు గట్టిగా ఆందోళన కలిగితే, అప్పుడు కూడా పిలవవచ్చునని కూడా ఆ జాబితాలో చేర్చారు. రాచ్‌ఫర్డ్ నర్సులాగా జంకుతూ నిలబడవలసిన అవసరం లేకుండా పోయింది. ఇలాటి ఏర్పాట్లు తరవాత చాలా దేశాలకు పాకాయి. మన దగ్గర ఒక్కొక్క వార్డులో ఒక్క నర్సు ఎంతోమంది రోగులను చూడవలసి వస్తూ వుంటుంది. అంతమంది మొహాలు నిన్న ఎలా వున్నాయో గుర్తు పెట్టుకోవటం ఎవరి తరమూ కాదు. ఇది ఆమె తెలివికి సంబంధించిన లోటు కాదు, లెక్కకు సంబంధించినది.

అక్కడ మంచం పక్కన కూర్చున్న వాళ్ళు కొంత సాయం చెయ్యగలరు. ఇంటి మనిషి మామూలుగా ఎలా వుంటాడో నర్సుకు తెలియదు, మీకు తెలుసు. "సిస్టరమ్మా, మా తాతయ్యకు బాగా లేదండీ" అంటే ఆమెకు చెప్పినది తక్కువ. "సిస్టరమ్మా, మా తాతయ్య మధ్యాహ్నంనుంచి మూత్రానికి లేవలేదండీ. పొద్దున నాతో కబుర్లు చెప్పారు గాని, ఇప్పుడు నా పేరు తప్పు పిలుస్తున్నారు" అనండి. ఆమె చేతిలో పని పక్కన పెట్టి లేచి వస్తుంది. తాతయ్య మణికట్టు పట్టుకుని, గడియారం వంక చూస్తూ, అర నిమిషం దాటినా చెయ్యి వదలదు.